మందు రాకముందే పథ్యం

మా ల్యాబులో ఒక పాత షేకర్ ఉంది. సీసాలను గుండ్రంగా ఊపుతూ లోపలి ద్రవాలను కలిపే యంత్రం అది. దాని రబ్బరు కాళ్ళలో ఒకటి అరిగిపోయి, తిరిగినంతసేపూ బల్లను తడుతూ ఉంటుంది. పక్క బల్ల దగ్గర పనిచేసే ఆయన ఆ చప్పుడుకు తలనొప్పి వస్తోందని, కొత్త కాలు వేయిద్దామని చాలాసార్లు అన్నాడు. "నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకు?" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. నా కోపం ముక్కు మీదే ఉంటుందని ల్యాబులో అందరికీ తెలుసు కాబట్టి ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అసలు సంగతి నేను చెప్పలేదు. ఆ చప్పుడు వింటుంటే నారాయణఖేడ్‌లో మా అక్క జొన్నరొట్టె కొడుతున్నట్టు ఉంటుంది.

మా వైపు రొట్టెను ఒత్తరు, కొడతారు. వేడినీళ్ళతో తడిపిన పిండిని బాగా పిసికి, ముద్ద చేసి, పీట మీద పెట్టి అరచేత్తో కొడుతూ, వేళ్ళ కొసలతో తిప్పుతూ పెద్దది చేస్తారు. ముద్దగా ఉన్నప్పుడు చప్పుడు మెత్తగా ఉంటుంది, పలచబడేకొద్దీ గట్టిపడుతుంది. చిన్నప్పుడు నేను దుప్పటి కిందనుంచే ఆ చప్పుడు విని, రొట్టె ఇక పొయ్యి మీద కాలే పెంక మీదికి పోతుందని చెప్పేదాన్ని. ఎవరైనా అప్పడాల కర్ర మాట ఎత్తితే, ఆ కర్రను వాళ్ళ కళ్ళ ముందే పొయ్యిలో పెడతానన్నట్టు చూసేది అక్క.

బస్టాండు వెనక సందులో అక్కకు రొట్టెల కొట్టు ఉంది. సాయంత్రమైతే కంగ్టికి, మనూర్‌కు పోయే ఆటోల కోసం నిలబడ్డవాళ్ళు అక్కడ రొట్టెలు కట్టించుకొని పోతారు. పైన ఒక ముద్ద పుంటికూర, అదే గోంగూర, ఒక చిటికెడు ఎల్లిపాయ కారం. మాది కర్ణాటక సరిహద్దు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళతో కన్నడం, మాలో మేమూ బజారులోనూ తెలుగు, కోపమొస్తే రెండూ. ఎవరైనా రొట్టెకు బేరమాడితే అక్క నోట్లోంచి ఏ భాష ముందు వస్తుందో ఆమెకే తెలియదు.

అక్క నాకంటే చాలా పెద్దది. అమ్మ కంది చేలలో కూలికి పోయేది కాబట్టి నన్ను పెంచింది అక్కే అనాలి. నేను తిండి దగ్గర మహా మొండిదాన్నట. మూతి బిగించుకొని కూర్చుంటే ఇంట్లో అందరూ "ఆకలైతే అదే తింటది" అని వదిలేసేవాళ్ళు. అక్క వదిలేది కాదు. పాలల్లో నానేసిన రొట్టె గిన్నె పట్టుకొని ఇంట్లో, వాకిట్లో, సందు చివరిదాకా నా వెనకే తిరిగేది. నేను నోరు తెరిచేదాకా తను కూడా తినేది కాదట. ఈ కథ నాకు కోపం తెప్పించాలని ఇప్పటికీ చుట్టాలందరి ముందూ చెబుతుంది.

అలాంటి అక్క చేతులకు కొన్నేళ్ళ కింద జబ్బు మొదలైంది. పొద్దున లేస్తే వేళ్ళు బిగుసుకుపోయి తెరుచుకునేవి కావు. వేడి పిండిలో చేతులు పెట్టి కాసేపు అలాగే కూర్చుంటే సర్దుకునేవి. అందుకే ఎవరికీ చెప్పలేదు, పిండి వేడిలోనే దాచుకుంది. మణికట్లు ఉబ్బి గాజులు పట్టకుండా పోయినప్పుడు కానీ బావ కంటపడలేదు. ఊళ్ళో దవాఖానలో నొప్పి గోళీలు ఇచ్చారు, సంగారెడ్డిలో ఇంకా పెద్ద గోళీలు ఇచ్చారు. చివరికి హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానకు నేనే తీసుకెళ్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేల్చారు. ఒంటిని కాపాడాల్సిన కణాలే దారి తప్పి, కీళ్ళ మీద పడి దాడిచేసే జబ్బు. వారానికి ఒక రోజు వేసుకునే గోళీ రాశారు, ఎప్పుడూ మానొద్దన్నారు. దానితో వాపు దిగింది, అక్క మళ్ళీ పీట ముందు కూర్చుంది. కానీ ఆ గోళీ వేసుకున్న మరునాడు కడుపులో తిప్పుతుందని, నోరంతా చేదని, ఆ ఒక్కరోజూ పుంటికూర వాసన కూడా పడదని తిట్టుకుంటూనే ఉండేది.

విచిత్రం ఏమిటంటే, నేను చేసే పని ఆ జబ్బు చుట్టూనే తిరుగుతుంది. మన ఒంట్లో ప్రతి కణమూ లోపల తిండిని కాల్చి శక్తి తీసుకుంటుంది. కాలేచోట నిప్పురవ్వలు లేచినట్టే అక్కడా ఆక్సిజన్ రవ్వలు లేస్తాయి. మామూలుగా కణం వాటిని తనే ఆర్పుకుంటుంది. వాపు వచ్చిన కీలులో మాత్రం ఆరేవాటికన్నా లేచేవే ఎక్కువ. ఆ రవ్వలు వాపును పెంచుతాయి, వాపు మళ్ళీ రవ్వలను పెంచుతుంది. మేము సీరియం అనే లోహం నుంచి కంటికి కనిపించనంత చిన్న రేణువులు తయారుచేస్తాం. వాటికి పైన ఒక పూత పూస్తే కణం వాటిని మింగుతుంది. లోపలికి పోయి అవి రవ్వలను పట్టుకుంటాయి. మామూలు యాంటీ ఆక్సిడెంట్ ఒక రవ్వను ఆర్పితే దాని పని అయిపోతుంది. ఈ రేణువు మాత్రం కొంచెం తెరిపి దొరికితే మళ్ళీ పనికి తయారవుతుంది. ఇదంతా ఇప్పటికి గాజు గిన్నెల్లో, కొంత ఎలుకల్లో. మనిషి దాకా రావాలంటే చాలా దూరం ఉంది. అసలు వస్తుందో రాదో కూడా తెలియదు.

ఆ దూరం అక్కకు అర్థమయ్యేలా చెప్పలేక నాకు తల ప్రాణం తోకకు వచ్చేది. ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఒకటే అడిగేది.

"ఏమాయె పిల్లా, మందు బస్సు యాడిదాక వచ్చింది? సంగారెడ్డి దాటిందా?"

"ఇంకా బస్టాండుల్నే ఉన్నదక్కా. డ్రైవరే ఎక్కలే."

"డ్రైవర్ నువ్వే గదనే. జల్దీ ఎక్కు మరి."

ఒకసారి దవాఖానలో చూపించుకోవడానికి వచ్చినప్పుడు ల్యాబు చూస్తానంది. తెచ్చి చూపించాను. రేణువులు కలిపిన సీసా వెలుతురుకు పట్టి చూసి, "గిదేంది, పసుపు నీళ్ళ లెక్కున్నది" అంది. అందులో ఆ రవ్వలను పుట్టించే ఇంకో ద్రవం కొన్ని చుక్కలు వేశాను. రేణువులు రవ్వలను పట్టుకున్నప్పుడు లేత పసుపు ముదిరి నారింజ రంగుకు తిరుగుతుంది. కొన్నాళ్ళు కదపకుండా ఉంచితే మళ్ళీ లేత పసుపుకు వస్తుంది. ముందే అలా వచ్చిన సీసాను కూడా పక్కన పెట్టి చూపించాను. అక్క రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"అలసిపోయి, మళ్ల తనంతట తనే లేస్తదా?"

"లేస్తది."

"ఎవరూ లేపకుంటనే లేస్తున్నదంటే మనింటి ఆడోళ్ళ లెక్కనే ఉన్నది."

ల్యాబు నడిపే మా మేడమ్ పక్కనే ఉండి ఆ మాట విని పగలబడి నవ్వారు. అక్క మాత్రం సీసాను వెంటనే కింద పెట్టలేదు. దాన్ని పట్టుకున్న ఆమె వేళ్ళ కణుపులు సీసా మూత కన్నా లావుగా ఉన్నాయి. ఆ రోజు నాకు ఆ సీసా ఆమె చేతిలోంచి లాక్కోవాలనీ అనిపించింది, మొత్తం ఆమెకే ఇచ్చెయ్యాలనీ అనిపించింది.

ఆ మరుసటి సారి ఆమె మోకాలు ఉబ్బితే దవాఖానలో సూదితో నీళ్ళు తీశారు. మా ల్యాబుకు ఆ దవాఖాన నుంచే కీళ్ళ నీళ్ళు వస్తాయి. తీసిన నీళ్ళను పారబోయకుండా పరిశోధనకు ఇస్తారా అని డాక్టర్ అడిగి, అదేమిటో తెలుగులో చెబితే, అక్క, "పారబోసే నీళ్ళే గదా, తీస్కోర్రి. మా చెల్లె గూడ గిదే పని జేస్తది" అని వంకర వేళ్ళతోనే సంతకం పెట్టింది. నేను మేడమ్‌కు చెప్పాను. ఆమె, మాకు వచ్చే సీసాల మీద పేర్లుండవు కాబట్టి ఇబ్బంది లేదన్నారు. నిజమే. సీసాల మీద దవాఖానవాళ్ళు వేసిన గుర్తులే ఉంటాయి. ఏ గుర్తు ఎవరిదో మాకు ఎప్పటికీ తెలియదు, తెలియకూడదు.

ఆ విడతలో కొందరి కీళ్ళ నీళ్ళు, ఎవరివి వాళ్ళ సీసాల్లో, ఒకేసారి వచ్చాయి. వాటిలోంచి కణాలను వేరుచేసి ఒక్కొక్కరివి ఒక్కో గాజు గిన్నెలో పెంచుతాం. ఒంట్లో ఉండేంత వేడి ఉన్న పెట్టెలో పెట్టి, రోజు విడిచి రోజు పాత ద్రవం తీసేసి, గులాబీ రంగులో ఉండే కొత్త ద్రవం పోస్తాం. ల్యాబులో అందరం దాన్ని తిండి పెట్టడం అనే అంటాం. ఆదివారమైనా, పండగైనా ఎవరో ఒకరు వచ్చి తిండి పెట్టి పోవాల్సిందే. ఇంతకుముందు ఆదివారం వంతు వస్తే నేను సణిగేదాన్ని. ఈ విడత కణాలు వచ్చాక నేనే అడిగి తీసుకున్నాను.

అన్నీ ఒకలాగే కనిపించేవి. సూక్ష్మదర్శినిలో చూస్తే పొడుగ్గా, కొసలు సాగి, ఒకదాని పక్కన ఒకటి పడుకొని ఉండేవి. వాటిలో మా అక్క ఎక్కడో ఉంది. ఏ గిన్నె మూత తీసినా ఇదేనేమో అనిపించేది. అందుకని ఏ గిన్నెనూ తక్కువ చేయబుద్ధి కాలేదు. చిన్నప్పుడు గిన్నె పట్టుకొని నా వెనక తిరిగిన మనిషికి ఇప్పుడు నేను తిండి పెడుతున్నాను, ఆమె ముఖం మాత్రం కనిపించడం లేదు.

ఈ తిండి సంగతి ఫోన్‌లో చెప్పడం అక్కకు భలే నచ్చింది.

"ఇయ్యాల నాకు బువ్వ పెట్టినవా?"

"పెట్టినక్కా."

"ఏం పెట్టినవ్?"

"గులాబీ నీళ్ళు."

"పుంటికూర లేదా? గట్లయితే నేనాడ బతుకుడు కష్టమే."

ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. తను ఎలా ఉందో అడిగితే మాత్రం "మంచిగనే ఉన్న" అని మాట మార్చేది. కొన్ని వారాల తర్వాత గొంతులో ఓపిక తగ్గినట్టు అనిపించింది. ఫోన్ తనే పట్టుకోవడం మానేసి బావను పట్టుకోమంటోందని తర్వాత తెలిసింది. నాకు ఎందుకో మనసు ఒప్పక, ఒక రోజు చెప్పకుండానే బస్సెక్కాను.

నారాయణఖేడ్‌లో దిగి అలవాటుగా సందులోకి తిరిగాను. కొట్టు తెరిచే ఉంది, పొయ్యి వెలుగుతోంది, రొట్టెలూ ఉన్నాయి. చప్పుడు లేదు. లోపల బావ ఒక ఇనుప మిషన్ ముందు నిలబడి, పిండి ముద్ద పెట్టి పైపలకను దించుతున్నాడు. అది మూతపడి తెరుచుకునేసరికి గుండ్రటి రొట్టె తయారు. అన్నీ ఒకటే మందం, ఒకటే కొలత. నన్ను చూసి బావ మొహం తిప్పుకొని, "ఇంట్లున్నది, పో" అన్నాడు.

ఇంట్లో అక్క గోడకు ఆనుకొని కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకొని ఉంది. మణికట్ల నుంచి వేళ్ళ దాకా ఉబ్బి ఎర్రబడి ఉన్నాయి. ముందున్న గ్లాసును వేళ్ళతో పట్టుకోలేక రెండు మణికట్ల మధ్య ఇరికించి ఎత్తుతోంది. పక్కన పళ్ళెంలో మిషన్ రొట్టె ముక్కలు, ఉత్త పాలు. ఉప్పు లేదు, కారం లేదు.

"ఇదేందక్కా? గోళీలు పనిజేస్తలేవా?" అన్నాను.

అక్క చేతులను కొంగు కిందికి లాక్కుంది. నా వెనకే వచ్చిన బావ గుమ్మంలో నిలబడి, "ఏసుకుంటేగా పనిజేసేది. నీ మందుకు పథ్యముంటున్నది. నీకు తెల్వదా?" అన్నాడు.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

మా వైపు ఆకుమందులకు ఒక కట్టుబాటు ఉండేది. మందు మింగిన రోజు నుంచి కాదు, దానికోసం ఆకు తెంపిన పొద్దు నుంచే పథ్యం మొదలు. మందు తయారవుతున్నంత కాలం ఇంకో మందు కడుపులో పడకూడదు, పులుపు, ఉప్పు, వంకాయ తగలకూడదు. రోగి ఇక్కడ నోరు కట్టుకుంటేనే అక్కడ మందుకు బలం పడుతుందని నమ్మకం. చిన్నప్పుడు నాకు కామెర్లు అయితే కంగ్టి వైపు నుంచి ఒక ముసలాయన మందు నూరి పంపేవాడు. నేను ఉప్పులేని బువ్వ తిననని మొండికేస్తే, అక్క కూడా నాతోపాటు ఉప్పు మానేసింది. ఎదిగే వయసులో ఉన్న పిల్ల, పొద్దంతా ఇంటి చాకిరీ చేసి, చప్పటి బువ్వ తిని పడుకునేది.

ఇప్పుడు ఆమె లెక్క ప్రకారం ఆమె మోకాలి నీళ్ళు తీసిన రోజే ఆకు తెంపినట్టు. గాజు గిన్నెలో తను ఉంది, చెల్లెలు మందు పోస్తోంది. ఇక్కడ తను పుల్లగా తింటే, చేదు గోళీ మింగితే, అక్కడ గిన్నెలో మందు పట్టదు.

నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆ గోళీ ఆపితే వేళ్ళు వంగిపోతాయని, వంగినవి మళ్ళీ నిటారుగా కావని అరిచాను. ఇరుగుపొరుగు వచ్చి చూసేంతగా అరిచాను. చదువుకోనివాళ్ళను పట్టుకొని ఏదో అనరాని మాట కూడా అనబోయి, అక్క మొహం చూసి ఆగిపోయాను.

"ఒక మందు పొయ్యి మీద ఉండంగ ఇంకో మందు ఎట్ల మింగుతనే?" అంది అక్క మెల్లగా. "నీకు కామెర్లయినప్పుడు ఎట్ల తగ్గింది మరి?"

"అది వేరే అక్కా. నీ ఒంట్లకెళ్ళి తీసినంక ఆ కణాలకు నీతోని సంబంధం లేదు. నువ్వీడ ఏం తిన్నా ఆడికి చేరదు. గోళీ ఏసుకున్నా చేరదు, మానినా చేరదు."

"ఏం సంబంధం లేదా?"

"లేదు."

"అయితే ఆడున్నది నేను కానట్టేనా?"

కాదు అంటే ఇన్ని వారాలుగా నేను ఎవరికి తిండి పెడుతున్నట్టు? అవును అంటే ఈమె ఎవరు? పళ్ళెంలోని రొట్టె ముక్క తీసి పాలలో అద్ది ఆమె నోటికి అందించాను. "బేడ" అంది కన్నడంలో, వద్దని తల అడ్డంగా ఊపుతూ. అయినా నేను చెయ్యి తీయలేదు. చివరికి తింది.

తెల్లారి బావా నేనూ ఆమెను హైదరాబాద్ తీసుకొచ్చాం. డాక్టర్ తిట్టలేదు, అది ఇంకా బాధగా ఉంది. పాత గోళీ మళ్ళీ మొదలుపెట్టి, కొంతకాలం ఇంకొకటి కలిపి ఇచ్చాడు. మెల్లమెల్లగా ఎరుపు పోయింది, వాపు చాలావరకు దిగింది. గ్లాసు ఒక్క చేత్తో పట్టుకోగలిగింది. జడ తనే వేసుకోవడం మొదలుపెట్టింది. కానీ కుడిచేతి చివరి వేళ్ళు పక్కకు వంగి అలాగే ఉండిపోయాయి. రొట్టె కొట్టాలంటే అరచెయ్యి చదునుగా పరుచుకోవాలి. ఆ చెయ్యి ఇక పరుచుకోదు. డాక్టర్ ఆ మాట నాతో విడిగా చెబితే, నేను మెట్ల దగ్గర నిలబడి ఏడ్చాను. నాకు ఆ చేతులు పాత చేతుల్లా కావాలి. పొద్దున్నే ఆ చప్పుడుకు నిద్ర లేవాలి. ఇంత వయసొచ్చి, ఇంత చదివి, నేను కోరుకున్నది అంతే.

ల్యాబులో ఆ విడత పని చివరికి వచ్చింది. కణాలలో రవ్వలు ఉన్నచోట ఆకుపచ్చగా వెలిగే రంగు ఒకటి కలిపి చూస్తాం. రేణువులు వెయ్యకముందు అన్ని గిన్నెలూ ఆకుపచ్చగా మండుతున్నాయి. వేసిన తర్వాత ఒక్కొక్కటి తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. మొదటిది చీకటైంది. రెండోదీ అంతే. చీకటి చూసి ఇంత సంతోషం ఎప్పుడూ పడలేదు. ఇది అక్కేనేమో, అక్క నొప్పి ఆరిపోయిందేమో అనుకుంటూ మిగతావీ చూశాను. ఒకే ఒక్క గిన్నె మాత్రం ఎన్నిసార్లు చేసినా అలాగే పచ్చగా వెలుగుతూ ఉండిపోయింది.

మేడమ్ అన్నీ చూసి, "మంచి ఫలితం. ఆ ఒక్కదాని సంగతి కూడా ఉన్నదున్నట్టు రాద్దాం. ఇక దాన్ని పెంచడం ఆపెయ్, ముందుకు పోయే పనికి మిగతావి చాలు" అన్నారు. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆపెయ్యడం అంటే గిన్నెలో బ్లీచింగ్ ద్రవం పోసి పారేయడం. నేను సరే అన్నాను కానీ ఆ పని సోమవారానికి వాయిదా వేసి, ఊరికి పోయాను.

అక్క పెంక ముందు కూర్చొని మిషన్ రొట్టెలు కాలుస్తోంది. తిప్పడానికి ఇప్పుడు పట్టుకారు వాడుతోంది. నన్ను చూడగానే అడిగింది.

"ఏమాయె? నావి సల్లబడ్డయా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. బస్సులో దారి పొడుగునా అదే అనుకున్నాను. జోగిపేట దగ్గర మాట కూడా కూర్చుకున్నాను. నోరు తెరిచేసరికి నిజమే వచ్చింది.

"ఎవరివేవో మాకు తెల్వదక్కా. శానా మట్టుకు సల్లబడ్డయి. ఒక్కటి మాత్రం సల్లబడలే."

అక్క రొట్టెను తిప్పి, పొంగినచోట బట్టతో అదిమింది.

"గదే నాది కావచ్చు."

"గట్ల ఎందుకనుకుంటవ్? ఎవరిదో ఉంటది."

"ఎవరిదైతేంది, ఇప్పుడు దాన్ని ఏం జేస్తరు?"

నేను పొయ్యి వైపు తిరిగి కట్టె ఎగదోశాను. అక్క నా మొహం చూసి అర్థం చేసుకుంది. చిన్నప్పటి నుంచీ నా మొహం చదవడం ఆమెకు బాగా తెలుసు.

"పారేస్తరా?"

"మేడమ్ ఆపెయ్యమన్నరు."

"వద్దే. దానికి గూడ ఎవరో ఒకరు ఉంటరు, ఎదురుచూసుకుంట." పట్టుకారు కింద పెట్టింది. "నువ్వు నోరు తెరవనప్పుడు నేను ఇడ్సిపెట్టిన్నా? గిన్నె పట్టుకొని ఎంత దూరం తిరిగిన నీ వెనుక? మొండిదాన్ని ఇడ్సిపెడితే సచ్చిపోతదే పిల్లా. దాన్ని ఇడ్సిపెట్టకు."

తర్వాత ఇద్దరం పుంటికూరతో రొట్టె తిన్నాం. మిషన్ రొట్టె బాగాలేదని ఇద్దరమూ అన్నాం. బావ వింటున్నాడని తెలిసే అన్నాం.

సోమవారం పొద్దున్నే మేడమ్ దగ్గరకు పోయి ఆ గిన్నెను ఉంచుకుంటానన్నాను. ఎందుకన్నారు. రేణువుల మీది పూత అన్ని కణాలూ ఒకలాగే మింగడం లేదేమో, ఇది ఎందుకు మింగడం లేదో చూడాలి, ఇంకో పూత వేసి చూస్తాను అన్నాను. చెబుతుంటే అది సాకు కాదని, నిజంగానే చూడాల్సిన సంగతని నాకే అనిపించింది. మేడమ్, "నీ పని వేళల్లో కాకుండా చేసుకో" అన్నారు. మిగతావాటికంటే ముందు దానికే తిండి పెట్టి పెట్టెలో పెట్టాను. కొత్త పూత కలపడానికి సీసాలు షేకర్ మీద పెట్టి తిప్పాను. అప్పుడు అక్కకు ఫోన్ చేశాను.

"పారెయ్యలే కదా?"

"లేదక్కా. బువ్వ గూడ పెట్టిన."

"తింటున్నదా?"

"తింటది. నిదానంగ తింటది."

కొట్టులో మిషన్ పలక దిగిన కిర్రుమన్న చప్పుడు ఫోన్‌లో వినిపించి ఆగిపోయింది.

"పిల్లా, నీ దగ్గర గా చప్పుడేంది?"

"యంత్రం అక్కా. సీసాలను ఊపుతది. కాలు అరిగింది, బల్లకు తగులుతున్నది."

"కాదే. ఎవరో రొట్టె కొడుతున్నట్టున్నది."

ఇన్నేళ్ళూ ఆ చప్పుడు కోసం నేనొక్కదాన్నే మొహం వాచి ఉన్నాననుకున్నాను. అది ఆమె చేతుల చప్పుడు. నాకన్నా ఎక్కువగా పోగొట్టుకున్నది ఆమె.

"బంద్ జెయ్యకు," అంది అక్క. గొంతు బాగా తగ్గిపోయింది. "జరసేపు విననియ్యి."

నేను ఫోన్ తీసుకెళ్ళి షేకర్ పక్కన పెట్టాను.